టెస్టోస్టిరాన్ చికిత్సలో మొటిమలు

మొటిమలు యౌవనంలో వచ్చి, వాటంతటవే పోతాయని మనలో చాలామంది నమ్మకం. వైద్యుడనైన నేను కూడా చాలాకాలం వాటిని తేలికగానే తీసుకున్నాను. దానికి మూల్యం చెల్లించినది నా రోగి.

ఆయన ఉపాధ్యాయుడు, వయస్సు నలభైకి దగ్గర. పిట్యూటరీ గ్రంథిలో కణితికి శస్త్రచికిత్స జరిగాక, వృషణాలను ప్రేరేపించే హార్మోనులు తగ్గి టెస్టోస్టిరాన్ పడిపోయింది. మూడు వారాలకొకసారి 250 మిల్లీగ్రాముల ఇంజెక్షను మొదలుపెట్టాను. రెండు నెలలలో నీరసం తగ్గి, ముఖంలో కళ వచ్చింది. మూడవ నెలలో వీపు మీద, భుజాల మీద, దవడల వెంట మొటిమలు లేచాయి. "ఈ వయసులో మొటిమలేమిటని బడిపిల్లలు నవ్వుకుంటున్నారు, డాక్టరుగారూ" అన్నారు. "అవే తగ్గుతాయిలెండి" అని పంపించివేశాను.

ఆయన మళ్ళీ వచ్చినది ఆరు నెలల తర్వాత. ఇంజెక్షను మానివేశారు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న క్రీము రోజూ రాసుకున్నారు. అందులో తీవ్రమైన స్టీరాయిడు ఉంది. ముఖం ఎర్రబడి, చర్మం పలచబడి, కొత్త మొటిమలు లేచాయి. పాత నీరసమూ, దిగులూ తిరిగి వచ్చాయి. అడిగిన రోజున ఆయనకు నేను చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. అవే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

చర్మంలో టెస్టోస్టిరాన్ కొంత డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారుతుంది. ఇది మరింత శక్తిమంతమైన హార్మోను. దాని ప్రేరణతో రోమకూపాల పక్కనుండే తైలగ్రంథులు పెరిగి, జిడ్డును ఎక్కువగా స్రవిస్తాయి. జిడ్డు, మృతకణాలు కలిసి కూపాన్ని మూసివేస్తే, లోపలి సూక్ష్మజీవుల వృద్ధితో వాపు పుడుతుంది. వృషణాలు లేని పురుషులకు టెస్టోస్టిరాన్ ఇచ్చినప్పుడు మొటిమలు రావడాన్ని జేమ్స్ హామిల్టన్ 1941లోనే వివరించారు. స్త్రీగా పుట్టి పురుషునిగా జీవించడానికి ఈ చికిత్స పొందేవారిలోనూ మొదటి సంవత్సరంలో మొటిమలు సాధారణం.

ఇంజెక్షను చేసిన తొలి రోజులలో రక్తంలో హార్మోను బాగా పెరిగి, తర్వాతి మోతాదు నాటికి అడుగంటుతుంది. ఈ హెచ్చుతగ్గులు మొటిమలను పెంచవచ్చు. కనుక మొదట చూడవలసినది మోతాదు. రక్తపరీక్షలో హార్మోను మితిమీరి ఉంటే మోతాదు తగ్గించాలి. లేదా తక్కువ మోతాదును తక్కువ వ్యవధిలో ఇవ్వాలి. లేదా చర్మంపై రాసే జెల్‌కు మారాలి. ఈ మార్పులు వైద్యుడే చేయాలి. కండల కోసం వ్యాయామశాలలలో దొరికే ఇంజెక్షనులు చేయించుకుంటున్నవారు ఆ సంగతి వైద్యుని వద్ద దాచకూడదు.

చర్మానికి చేయవలసినది కూడా ఉంది. రోజుకు రెండుసార్లు సున్నితమైన సబ్బుతో కడుక్కోవాలి. ఉదయం 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడు, రాత్రి అడాపలీన్ జెల్ పలచగా రాసుకోవాలి. మొదటిది బట్టల రంగు పోగొడుతుంది. వీపుకు రాసేవారు తెల్ల బనీను వేసుకోవడం మంచిది. ఫలితం కనబడడానికి 8 నుండి 12 వారాలు పడుతుంది. పదిరోజులకే విసిగి మానివేయవద్దు. తగ్గకపోతే వైద్యులు కొన్ని నెలలపాటు డాక్సీసైక్లిన్ ఇస్తారు. గడ్డలు కట్టి మచ్చలు పడుతుంటే ఐసోట్రెటినాయిన్ అవసరం కావచ్చు. ఈ రెండింటినీ కలిపి వాడకూడదు. తలలో పీడనం పెరిగే ప్రమాదం ఉంది. ఐసోట్రెటినాయిన్ వాడేటప్పుడు కాలేయ, కొవ్వు పరీక్షలు చేయించాలి. గర్భాశయం ఉన్నవారు గర్భం రాకుండా కచ్చితంగా జాగ్రత్త పడాలి. ఆ మందు గర్భస్థ శిశువును తీవ్రంగా దెబ్బతీస్తుంది; టెస్టోస్టిరాన్ వాడడం గర్భనిరోధం కాదు.

పుండ్లు పడే మొటిమలతో జ్వరం, కీళ్ళనొప్పులు వస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి.

ఉపాధ్యాయునికి 125 మిల్లీగ్రాములు పది రోజులకొకసారి ఇవ్వసాగాము. స్టీరాయిడు క్రీమును చర్మవైద్యుని పర్యవేక్షణలో మాన్పించాము. నాలుగు నెలలకు మొటిమలు చాలావరకు తగ్గాయి. దవడ మీద రెండు మచ్చలు మాత్రం మిగిలాయి. ఆయన వచ్చినప్పుడల్లా నా చూపు ముందు వాటి మీదకే పోయేది.

మీ చికిత్సలో మొటిమలు కనబడితే సిగ్గుపడి మందు మానకండి. వైద్యుడు కొట్టివేసినా మరొకసారి అడగండి.