పై అంతస్తు

మ్యూనిక్‌లో మా పక్క ఫ్లాట్‌లో బోస్నియా జంట ఉంటారు. ఆయనది బిల్డింగ్ పని. ఆమె వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను చూసుకుంటుంది. ఆదివారం నన్ను కాఫీకి పిలుస్తారు. జెజ్వా అనే చిన్న రాగి గిన్నెలో కాచి, పొడి అడుగుకు దిగేదాకా ఆగి, బుల్లి కప్పుల్లో పోస్తారు.

బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో కొన్నాళ్లు పనిచేసి, మంచి జీతం కోసం నేనిక్కడికి వచ్చా. వాళ్లూ అంతే అనుకున్నా. అడిగితే ఆయన నవ్వి, "నేను రావడం ఇది రెండోసారి" అన్నారు.

1992లో యుద్ధం మొదలైనప్పుడు ఆయనకి రెండేళ్లు. వాళ్లమ్మ చంకనేసుకుని జర్మనీకి వచ్చేసిందట. అప్పట్లో బోస్నియా నుంచి మూడు లక్షలకు పైగా శరణార్థులు ఇక్కడికొచ్చారు. 1995లో డేటన్ ఒప్పందంతో యుద్ధం ఆగాక చాలామంది తిరిగి వెళ్లాల్సి వచ్చింది. వీళ్లూ 1998లో వెళ్లారు. కాలిపోయిన ఇంటిని అమ్మానాన్నా మళ్లీ కట్టుకున్నారు. కొడుకు కోసం పైన ఇంకో అంతస్తు లేపారు.

పెళ్లయ్యాక అందులో వీళ్ల కాపురం మూడేళ్లే. "అక్కడ మంచి ఉద్యోగం కావాలంటే పార్టీలో ఎవరో ఒకరు తెలియాలి. పాపకీ అదే నేర్పాలా?" అంది ఆమె. 2016 నుంచి పశ్చిమ బాల్కన్ దేశాలవాళ్లకి, చేతిలో ఉద్యోగం ఉంటే, చదువు సర్టిఫికెట్లకు గుర్తింపు లేకున్నా జర్మనీ వీసా ఇస్తోంది. యుద్ధం, వలసలు కలిసి, 1991లో 43 లక్షలు దాటిన బోస్నియా జనాభాను 2013కే 35 లక్షలకు దించేశాయి. ఇప్పుడు పెళ్లి భోజనాల దగ్గరే కొత్త జంటని "మీరెప్పుడు వెళ్తున్నారు?" అని అడుగుతారట.

మొన్న నేనుండగానే వాళ్లమ్మ వీడియో కాల్ చేసింది. ఫోన్ పట్టుకుని మెట్లెక్కి, పై అంతస్తు కిటికీలు తెరిచి, ఉతికి పరిచిన దుప్పటి చూపించింది. వారం వారం ఇంతేనట. ఏదో అడిగింది. ఆయన ఒక్క ముక్కలో జవాబిచ్చారు. ఏమన్నారని అడిగా.

"చూద్దాం అన్నాను."

తెనాలి దగ్గర మా డాబా మీద ఇనుప చువ్వలు నిలబడే ఉన్నాయి. నాకు పెళ్లయ్యాక పైన వేద్దామని నాన్న వదిలిన చువ్వలు. తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయిస్తుంటారు. పోయిన నెల "కోయించెయ్యమంటావా?" అని అడిగితే, నేనూ "చూద్దాం నాన్నా" అనే అన్నా.

ఆ రాత్రి ఫోన్ చేశా. వస్తాననీ చెప్పలేకపోయా, రాననీ చెప్పలేకపోయా. ఈ ఏడు కూడా సిమెంటు పాలు పూయించమన్నా.