ఫొటో పోయిందా అన్నా?

మధ్యాహ్నం ఒంటిగంటన్నర. జగిత్యాలకు దగ్గర్లోని ఓ పల్లె. ఇంటి ముందు వేసిన షామియానా కింద రెండో బంతి భోజనాలు నడుస్తున్నాయి. ఓ మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఫొటోగ్రాఫర్ మాత్రం విస్తరి వైపు చూడటం లేదు. ఒక చేతిలో కెమెరా, మరో చేతిలో ఫోను. రెండింటినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

'కెమెరా కనిపించడం లేదు' అంటోంది ఫోనులోని యాప్.

కనిపించకపోవడమేంటి? పక్కనే, జానెడు దూరంలోనే ఉంది కదా!

ఆ రోజు ఆ ఇంట్లో ఏడు నెలల పాపకు అన్నప్రాసన. పాప తండ్రి దుబాయిలో పనిచేస్తాడు. భార్యకు అయిదో నెలప్పుడు విమానం ఎక్కాడు. బిడ్డను ఇప్పటిదాకా ఎత్తుకోలేదు. వారం ముందే ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పాడు... "పాప పాక్కుంట పోయి ఏది పట్టుకుంటదో ఆ ఫొటో కావాలె. మంచిగ తీయాలె. స్టూడియో అన్నను పిలువుండ్రి, పైసలు నేను పంపుత" అని.

చాప మీద పుస్తకం, కలం, బంగారు గొలుసు, నోట్లు, కత్తి పెట్టారు. పాప కాసేపు అందరి మొహాలూ చూసింది. తర్వాత గబగబా పాకి పుస్తకం మీద చెయ్యి వేసింది. చుట్టూ పది ఫోన్లు లేచాయి. కానీ ఒకదాంట్లో ఎవరిదో భుజం అడ్డొచ్చింది, మరోదాంట్లో పాప వీపు మాత్రమే పడింది. నేల మీద బోర్లా పడుకుని ఎదురుగా తీసింది ఫొటోగ్రాఫర్ ఒక్కడే. నవ్వుతున్న పాప, పుస్తకం మీద చిన్న చెయ్యి, వెనకాల తాత, నానమ్మ, తల్లి... అన్నీ ఒకే ఫ్రేములో వచ్చాయి.

అక్కడ మధ్యాహ్నం పన్నెండైతే ఇక్కడ ఒంటిగంటన్నర. అది ఆయన భోజన విరామం. రెండున్నరకు కంపెనీ బస్సెక్కి దూరంగా ఉన్న సైటుకు వెళ్లాలి. అక్కడ సిగ్నల్ సరిగా ఉండదు. పది రోజుల దాకా ఫొటోలూ లేవు, మాటలూ లేవు. అంటే చేతిలో ఉన్నది గంట.

"ఫొటో పోయిందా అన్నా?" అని పాప తల్లి అప్పటికే రెండుసార్లు అడిగి వెళ్లింది.

ఆ ఫొటోగ్రాఫర్‌కు యాభై దాటాయి. రీలు కెమెరాతో మొదలుపెట్టినవాడు. ముప్పై ఆరు ఫొటోల రీలు పూర్తయితేగానీ కడిగేవాడు కాదు. పెళ్లి ఆల్బమ్ నెల తర్వాత ఇచ్చినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఇప్పుడు తీసిన మరుక్షణమే ఫొటో ఫోనులోకి రావాలి. అందుకే వైఫై ఉన్న కెమెరా కొన్నాడు. పాత ఫోనుతో బాగానే పనిచేసేది. నాలుగు రోజుల క్రితం ఫోను మార్చాడు. యాప్ వేసుకున్నాడుగానీ ఒక్కసారైనా ప్రయత్నించి చూడలేదు. కార్డును నేరుగా ఫోనుకు తగిలించే కార్డ్ రీడరేమో పన్నెండు కిలోమీటర్ల దూరంలో, స్టూడియో సొరుగులో ఉండిపోయింది.

కన్నబిడ్డ ఫొటో కోసం ఇలా తంటాలు పడటం కొత్తేమీ కాదు. 1997 జూన్ 11న అమెరికాలోని శాంటాక్రూజ్‌లో ఫిలిప్ కాన్ అనే ఇంజినీరు భార్య ప్రసవం కోసం ఆసుపత్రిలో ఉంది. పుట్టిన పాపను అప్పటికప్పుడే అందరికీ చూపించాలనుకున్నాడు కాన్. డిజిటల్ కెమెరాను, సెల్‌ఫోనును, ల్యాప్‌టాప్‌ను వైర్లతో అక్కడే కలిపి, పాప ఫొటోను దాదాపు 2 వేల మందికి పంపాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు, 2005లో కొడాక్, నికాన్ కంపెనీలు వైఫై ఉన్న కెమెరాలను అమ్మకానికి తెచ్చాయి. వైరు పోయింది. తిప్పలు మాత్రం పోలేదు!

మొదట కెమెరా వైపు చూశాడు. తెర ఆరిపోయి ఉంది. బ్యాటరీ ఆదా కోసం కాసేపు ముట్టుకోకపోతే కెమెరా నిద్రపోతుంది. దాంతోపాటే వైఫై కూడా. పైగా పొద్దుట్నుంచీ తీసి తీసి బ్యాటరీ ఎర్రగీతకు వచ్చింది. సంచిలోంచి నిండుగా ఉన్న బ్యాటరీ తీసి వేశాడు. తనంతట తాను ఆరిపోయే సమయాన్ని పెంచాడు. వైఫై మళ్లీ ఆన్ చేశాడు. తెర మీద నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ వచ్చాయి.

కెమెరాలో సిమ్ ఉండదు. ఇంటి వైఫై లేనిచోట అది తనే ఓ చిన్న నెట్‌వర్క్‌ను తయారుచేసుకుంటుంది. ఫోను అందులోకి వచ్చి ఫొటోలు తీసుకుపోవాలి. ఫొటోగ్రాఫర్ ఫోను సెట్టింగుల్లోకి వెళ్లి ఆ పేరు నొక్కాడు, పాస్‌వర్డ్ కొట్టాడు. కలిసింది! కానీ 'ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు' అంటూ ఫోను కాసేపటికే కెమెరాను వదిలేసి మొబైల్ డేటాకు వెళ్లిపోయింది. దాని దృష్టిలో ఇంటర్నెట్ లేని వైఫై ఎందుకూ పనికిరాదు. అందుకని మొబైల్ డేటా ఆపేశాడు. మళ్లీ కలిపి, 'ఇలాగే కొనసాగించాలా' అని అడిగితే సరేనన్నాడు. ఈసారి నిలబడింది.

యాప్ తెరిచాడు. 'కెమెరా కనిపించడం లేదు.'

గడియారం రెండు దాటింది. పాప తాత లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు. నానమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చింది. "జెర ఆగు పెద్దమ్మా, వస్తది" అన్నాడుగానీ వస్తుందన్న నమ్మకం ఆయనకే లేదు.

అప్పుడు పాపను చంకనేసుకుని వచ్చింది తల్లి. ఇంటర్ దాకా చదివింది. భర్త దుబాయి వెళ్లాక డబ్బులు రాబట్టడం, కాగితాలు ఫొటో తీసి పంపడం, చెడిపోయిన యాప్‌ను తీసేసి మళ్లీ వేయడం... అన్నీ ఆమే నేర్చుకుంది. కాసేపు ఫోను వైపు చూసి అడిగింది.

"అన్నా, కొత్త ఫోను గదా. యాప్ ఏసినప్పుడు ఏమేమో అడుగుతది. అన్నిటికి ఒప్పుకున్నవా?"

ఆయనకు గుర్తొచ్చింది. 'మీ లొకేషన్ తెలుసుకోవచ్చా', 'చుట్టుపక్కల పరికరాలను వెతకవచ్చా' అని యాప్ అడిగింది. ఫొటోలు తెచ్చుకునే యాప్‌కు తన ఊరితో పనేంటి అనుకుని రెండింటికీ వద్దన్నాడు. ఆ జాగ్రత్త తప్పేమీ కాదు. కానీ చుట్టుపక్కల ఏ వైఫైలు ఉన్నాయో తెలిస్తే మనిషి ఎక్కడున్నాడో పట్టేయొచ్చు. అందుకే ఆండ్రాయిడ్ ఫోన్లలో పరికరాలను వెతికే పనికి చాలాకాలం లొకేషన్ అనుమతే తాళంచెవి. కొత్త ఫోన్లలో చుట్టుపక్కల పరికరాలకంటూ విడిగా మరో అనుమతి వచ్చింది. అవి ఇవ్వకపోతే యాప్ కళ్లకు గంతలు కట్టినట్టే. ఐఫోన్లలోనూ 'లోకల్ నెట్‌వర్క్' అనే అనుమతి ఇలాంటిదే.

సెట్టింగుల్లోకి వెళ్లి రెండూ ఇచ్చాడు. ఇప్పుడు యాప్ కెమెరాను చూసింది. కానీ బ్లూటూత్‌తో జత కలపబోతే మళ్లీ మొండికేసింది. కెమెరా ఇంకా పాత ఫోనునే తలుచుకుంటోంది! ఫోనులో కూడా నాలుగు రోజుల క్రితం సగంలో ఆగిపోయిన జత అలాగే ఉంది. ఒకవైపు చెరిపితే సరిపోదు. కెమెరాలో పాత ఫోను పేరు తీసేశాడు, ఫోనులో కెమెరా పేరు తీసేశాడు. రెండింటినీ ఆర్పి, వెలిగించి, ముక్కూమొహం తెలియనివాళ్లను కలిపినట్టు మళ్లీ పరిచయం చేశాడు. తెర మీద ఆరు అంకెలు వచ్చాయి. రెండుచోట్లా ఒకటేనా అని చూసుకుని సరే నొక్కాడు.

ఫొటోలు వరసగా కనిపించాయి. రెండుంబావు.

తొందరలో అన్నింటినీ ఎంచుకున్నాడు. నలభై ఫొటోలు, అసలు సైజులో. గీత ఇంచు కదిలి ఆగిపోయింది. "అన్ని ఎందుకన్నా, ఆ ఒక్కటి చాలు" అంది పాప తల్లి. ఆపేసి, పుస్తకం పట్టుకున్న ఫొటో ఒక్కటే ఎంచాడు. యాప్‌లోనే 2 మెగాపిక్సెల్స్‌కు తగ్గించే వీలుంది. ఫోనులో చూసుకోవడానికి అది సరిపోతుంది. నాలుగు క్షణాల్లో ఫొటో ఫోనులో పడింది.

వాట్సాప్‌లో పంపాడు. కదల్లేదు. చిన్న గడియారం బొమ్మ అలాగే నిలబడింది.

"డేటా ఆపినవ్ గదా అన్నా!"

అవును మరి, ఫోను ఇంకా కెమెరా వైఫైలోనే ఉంది. వైఫై తీసేసి డేటా ఆన్ చేశాడు. ఒక టిక్కు. రెండు టిక్కులు. రెండూ నీలంగా మారాయి. అప్పుడు సమయం రెండు ఇరవై నాలుగు.

అందరూ జవాబు కోసం చూస్తున్నారు. పాప గురించి ఏమంటాడో... పుస్తకం పట్టుకున్నందుకు మురిసిపోతాడో, ఏడుస్తాడో! నిమిషం గడిచింది. ఆయన గొంతు వినిపించింది.

"పాప మంచిగుంది... బాపు చేతికి ఆ కట్టేంది?"

షామియానా కింద నిశ్శబ్దం. ఇరవై రోజుల క్రితం పొలం గట్టు మీద జారిపడ్డాడు తాత. ముంజేతి ఎముక చిట్లింది. దూరాన ఉన్న కొడుకు బెంగ పెట్టుకుంటాడని ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఫోన్లలో మాట్లాడినప్పుడల్లా ఆ చెయ్యి తువ్వాలు కిందే ఉండేది. ఈ రోజు మనవరాలు పాకుతుంటే సంబరంలో తువ్వాలు ఎప్పుడు జారిందో ఆయనకే తెలియలేదు. కెమెరా మాత్రం దేన్నీ వదల్లేదు.

కోడలు ఏదో టైపు చేయబోయింది. తాత మంచి చెయ్యి చాచి ఫోను అడిగి తీసుకున్నాడు. "ఏం లేదు బిడ్డా... జారి పడ్డ. వచ్చే వారం కట్టు ఇప్పుతరు. నీ బిడ్డ పుస్తకం పట్టింది, నువ్వు పైలంగ పో" అన్నాడు. అది పోయిందో లేదోనని చాలాసేపు తెర వైపే చూశాడు. రెండు ఇరవై తొమ్మిదికి నీలం టిక్కులు వచ్చాయి.

ఫొటోగ్రాఫర్ అప్పుడు లేచి విస్తరి ముందు కూర్చున్నాడు. ఆ సాయంత్రం స్టూడియోకు చేరగానే సొరుగులోని కార్డ్ రీడర్ తీసి కెమెరా సంచిలో పడేశాడు. మిగిలిన ముప్పై తొమ్మిది ఫొటోలూ రాత్రికే పంపాడు. పది రోజుల తర్వాత అవి నీలమయ్యాయి.