నీళ్ళ మీద దాహం

కారు ఇంజను వేడెక్కితే రోడ్డు పక్కన ఆపి, బోనెట్టు ఎత్తి, చెట్టు నీడన నిలబడవచ్చు. పడవకు ఆ సదుపాయం లేదు. ఇంజను ఆగిన మరుక్షణం నుంచి అది గాలికీ ఆటుపోట్లకూ చెందుతుంది. చుట్టూ అన్ని నీళ్ళుండగా ఇంజను దాహంతో చావడం విడ్డూరంగా తోచవచ్చు గానీ, చాలాసార్లు జరిగేది అదే.

లోపలి ఏర్పాటు కాస్త చెప్పాలి. ఇంజనీరింగు చదివిన మిత్రులు ఓపిక పట్టాలి. మరబోట్ల డీజిలు ఇంజన్లు చాలావాటిలో రెండు రకాల నీళ్ళు తిరుగుతాయి. ఇంజను ఒంట్లో తిరిగేది మంచినీరు, దాన్ని చల్లార్చేది బయటి ఉప్పునీరు. ఉప్పునీరు పడవ అడుగున ఉన్న కన్నంలోంచి వచ్చి, జాలీలో చెత్త వదిలించుకొని, రబ్బరు రెక్కల చక్రం తిరిగే పంపును దాటి, సన్నని గొట్టాల కట్ట ఉన్న ఒక డబ్బాలో మంచినీటి వేడిని అందుకొని, చివరికి పొగతో కలిసి పొగగొట్టం నుంచి బయటికి చిమ్ముతుంది. మడి కట్టుకున్నవారిలాగ రెండు నీళ్ళూ ఒకదాన్నొకటి ముట్టుకోవు. వేడి మాత్రం చేతులు మారుతుంది.

2018 జనవరిలో బంధువులం పదకొండుమందిమి కాకినాడ నుంచి హోప్ ఐలాండుకు వెళ్ళి తిరిగి వస్తున్నాం. ఆ దీవి సుమారు 16 కిలోమీటర్ల పొడవున్న ఇసుక దిబ్బ, గోదావరి మోసుకొచ్చిన మట్టి పెట్టిన భిక్ష. సముద్రపు అలలకు అది అడ్డుగా నిలవబట్టే కాకినాడకు ప్రశాంతమైన రేవు దక్కింది. అలలు లేనిచోట ఒండ్రు మాత్రం నిలుస్తుంది. అందుకే ఆ అఖాతం చాలాచోట్ల లోతు తక్కువ. ఆటులో పడవ బురద మీద కూర్చుంటే మళ్ళీ పోటు వచ్చేదాకా కదలదు.

దారి మధ్యలో ఉష్ణోగ్రత ముల్లు ఎనభై దాటి తొంభై అయిదుకు పోయింది. డ్రైవరు ముల్లు కేసి ఒక్కసారే చూశాడు. వెంటనే వెనక్కి వంగి పొగగొట్టం చూశాడు. నీళ్ళు చిమ్మడం లేదు, తెల్లటి ఆవిరి వస్తోంది. ఇంజను ఆపి లంగరు వేశాడు.

మా బావ సొంత కారును సొంతంగా బాగుచేసుకునే మనిషి. తడి తువ్వాలు పట్టుకొని మంచినీటి తొట్టి మూత తిప్పడానికి సిద్ధమయ్యాడు.

“వద్దండి బాబూ, మొకం కాలిపోద్దండి!” అని డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు.

నిజమే. మూత బిగించి ఉన్నంతసేపు లోపలి ఒత్తిడి వల్ల నీరు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉండగలదు. మూత తీసి ఆ ఒత్తిడి వదిలేస్తే ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతుంది. అంత వేడి మీద చన్నీళ్ళు పోస్తే ఇనుము పగలవచ్చు కూడా.

ఇంజను చల్లారేలోగా అతను నీటి దారి పట్టుకొని బయటి నుంచి లోపలికి వచ్చాడు. అడుగు వాల్వు కట్టి జాలీ తీస్తే శుభ్రంగా ఉంది. వాల్వు కొద్దిగా వదిలితే నీరు ఉబికి వచ్చింది. అంటే కన్నం కూడా తెరిచే ఉంది. పంపు మూత విప్పితే ఆరు రబ్బరు రెక్కల్లో రెండు లేవు.

“ఆయ్, సంచీ అండి. ఇంజను ఆగితే అదీ వదిలేసి పోద్ది,” అన్నాడు.

ప్లాస్టిక్కు సంచీ కన్నానికి అతుక్కుంటుంది. పంపు లాగే బలమే దాన్ని అక్కడ పట్టి ఉంచుతుంది. నీటి తడి లేక రబ్బరు రెక్కలు కొద్దిసేపటికే కాలి తెగుతాయి. ఇంజను ఆపగానే లాగేది ఉండదు కనుక సంచీ తేలిపోతుంది. వెతికేవాడికి సాక్ష్యం మిగలదు. ఒడ్డున ఉన్న మెకానిక్కులు మంచి థర్మోస్టాట్లను అనవసరంగా మార్చేది ఇలాంటప్పుడేనని నా అనుమానం. (నెమ్మదిగా పోతే బాగుండి వేగం పెంచితేనే వేడెక్కే ఇంజను కథ వేరు. అక్కడ గొట్టాల్లో పేరుకున్న పొరనో, కన్నం దగ్గర పెరిగిన గుల్లలనో, ప్రొపెల్లరుకు చుట్టుకున్న వల తాడునో అనుమానించాలి.)

కొత్త చక్రం అతని పెట్టెలో ఉంది. సబ్బు నురగ రాసి, రెక్కలు మడిచి ఎక్కించాడు. అందరం లేచి సర్దుకున్నాం. అతను మాత్రం ఇంజను తిప్పలేదు. తెగిన రెండు ముక్కలూ దొరకాలన్నాడు.

నీరు తగ్గుతోంది. దూరాన బురద మెరక బయటపడుతోంది. పిల్లలిద్దరూ ఆకలికి ఏడుపు లంకించుకున్నారు. “ముక్కలెందుకయ్యా, కొత్తది వేశావుగా!” అని బావ విసుక్కున్నాడు. డ్రైవరు బదులు చెప్పకుండా గొట్టం విప్పాడు. పంపు నుంచి పోయిన ముక్క సన్నగొట్టాల కట్ట ముందు అడ్డుపడుతుంది. కొత్త చక్రం తోసే నీరు అక్కడే ఆగిపోతే మళ్ళీ ఇదే కథ, ఈసారి పెట్టెలో ఇంకో చక్రం లేకుండా. అరగంటకు డబ్బా మూత లోపల ఒక ముక్క దొరికింది. రెండోది దొరకలేదు.

అతను మెరక వైపు ఒకసారి, గొట్టం వైపు ఒకసారి చూసి, అన్నీ బిగించి ఇంజను తిప్పాడు. పొగగొట్టం నుంచి నీళ్ళు బుడుంగున చిమ్మాయి. సగం వేగానికి మించనివ్వలేదు. నన్ను వెనక కూర్చోబెట్టి, “నీళ్ళు పడతన్నాయా లేదా సూత్తా ఉండండి బాబూ, సన్నబడితే కేకెయ్యండి,” అన్నాడు. ఒడ్డు చేరేదాకా నేను సముద్రం చూడలేదు, సూర్యాస్తమయం చూడలేదు. ఆ ధారనే చూస్తూ కూర్చున్నాను. ముల్లు ఎనభై అయిదు దగ్గర నిలిచింది.

రెండో ముక్క మర్నాడు గొట్టం వంపులో దొరికిందని ఫోను చేసి చెప్పాడు. నేను అడగలేదు, తనే చేశాడు.