అమ్మీ పలకని ‘ఉఫ్’

వృద్ధాప్యానికి చేరిన తల్లిదండ్రులతో ‘ఉఫ్’ అని కూడా అనరాదని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో ఆదేశిస్తున్నది. ఈ ఆయతును మదరసాలో ఎన్నో ఏళ్ళుగా బోధిస్తూ వచ్చాము. అయితే వారి నోట రాని ‘ఉఫ్’ను గ్రహించడం కూడా సంతానం బాధ్యతేనని మాకు తెలియజేసినది ఒక నర్సు.

మా అమ్మీకి డిమెన్షియా ముదిరింది. రాత్రులు లేచి పడిపోతుండటంతో, ఇంట్లో కనిపెట్టుకొని ఉండే శక్తి మాకు చాలక, హైదరాబాదులోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చేర్చాము. మతి తప్పినవారిపై నమాజు విధి కాదని ఎరిగినా, ఆమె జీవితకాలపు అలవాటు గనుక ప్రతిరోజూ మగ్రిబ్ వేళ వెళ్ళి వుజూ చేయించేవాళ్ళము. గత రమజాను తరువాత ఆమె మా చేతిని తోసివేయసాగింది. కేకలు వేసేది. ముద్ద పెడితే మొహం తిప్పుకొనేది. అమ్మీ వుజూను కూడా మరచిపోయిందని కుమిలిపోయాము. దుఆలు చదివి ఊదాము. చివరకు నిద్రమందు ఇమ్మని నర్సును అడిగాము.

“ముందు నొప్పేమైనా ఉందేమో చూద్దాం మౌలానాగారూ” అన్నదామె.

“అడిగితే లేదనే అంటున్నది కదమ్మా!”

“ప్రశ్న అర్థమైతే కదండీ ఆ జవాబును నమ్మేది!”

ఆమె చేతిలో ‘పెయినాడ్’ అనే కొలమానం ఉన్నది. మాటలతో బాధ చెప్పుకోలేని ఇలాంటి రోగుల కోసం 2003లో అమెరికాలో వెలువడినది. శ్వాస, మూలుగు, ముఖకవళిక, శరీర కదలిక, ఓదార్పుకు స్పందన అనే ఐదింటికి 0 నుండి 2 వరకు అంకెలు వేస్తారు. మొత్తం 10. విశ్రాంతిలోనే కాక, ఏదైనా పని చేయిస్తున్నప్పుడు కూడా గమనించాలి.

ఆమె చూస్తుండగా వుజూ ప్రారంభించాము. చేతులు కడిగినప్పుడు అమ్మీ ప్రశాంతంగానే ఉన్నది. పుక్కిలించడానికి చల్లని నీరు నోట పోయగానే ఎగశ్వాస తీసింది, మూలిగింది, మొహం చిట్లించి పిడికిళ్ళు బిగించింది. తల నిమిరితే కొంత ఊరడిల్లింది. నర్సు 7 వేసింది. తరువాత ముఖం కడిగినా, పాదాలు కడిగినా అమ్మీ ఏమీ అనలేదు.

దంతవైద్యుడు పరీక్షిస్తే దవడ పన్ను కింద చీము బయటపడింది. వుజూ క్రమాన్ని పిల్లలకు వల్లె వేయించే మేము, తల్లి ఆ క్రమంలో ఎక్కడ ఏడుస్తున్నదో చూడలేకపోయాము. చికిత్స జరిగిన తరువాత ఆమె మా చేతిని తోయలేదు.

2011లో నార్వేలోని 18 నర్సింగ్ హోములలో, డిమెన్షియాతో ఉద్రేకపడుతున్న 352 మందిపై జరిగిన అధ్యయనం వెలువడింది. నొప్పికి క్రమపద్ధతిలో చికిత్స పొందినవారిలో ఉద్రేకం తగ్గింది. వారిలో అధికులకు ఇచ్చినది మామూలు పారాసిటమాలే.

సోదర సోదరీమణులారా! ఆ కాగితంపై అంకెలు తీర్పు కావు, సూచన మాత్రమే. మన పెద్దలు హాయిగా ఉన్నప్పుడు ఎలా ఉంటారో నర్సు కంటే మనకే బాగా తెలుసు. వారిలో కొత్తగా మొండితనం, కోపం, తిండి మానడం కనిపిస్తే అది జబ్బు స్వభావమేనని సరిపెట్టుకోకండి. ఏ పని చేయిస్తున్నప్పుడు, ఏ అవయవాన్ని తాకినప్పుడు అలా చేస్తున్నారో గమనించి వైద్యునికి చెప్పండి.

అమ్మీ మమ్మల్ని ఇప్పటికీ గుర్తుపట్టదు. మేము గోరువెచ్చని నీరు పోస్తాము, ఆమె పుక్కిలిస్తుంది. ఆ నెలల నిర్లక్ష్యానికి అల్లాహ్ మమ్మల్ని మన్నించుగాక! ఆమీన్.