చీకట్లో వార్తలు

సర్క్యూట్ బోర్డులు గీయడం నా వృత్తి. నేనే గీసి, నేనే టంకం వేసిన ఎల్‌ఈడీ దీపం ఒకటి అమ్మ గదిలో గర్వంగా తగిలించాను. నాలుగు రోజుల తరవాత చూద్దును కదా, సాయంకాలం దీపం ఆర్పేసి, చీకట్లో రేడియో పక్కన కూర్చుని ఉంది!

"అదేవిటమ్మా?"

"నీ దీపం వేస్తే వార్తలు గుర్రుమంటున్నాయిరా. చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ దీపంలోని ట్రాన్సిస్టరు కరెంటును సెకనుకి లక్షసార్లు తెంచి కలుపుతుంది. అంటే 100 కిలోహెర్ట్జ్. దాని గుణిజాలు 600, 700, 800 అన్నీ సరిగ్గా మీడియం వేవ్ స్టేషన్ల నడుమే పడతాయి. సరే, పడితే పడ్డాయి, రేడియో దాకా ఎందుకు పాకాలి? బోర్డు విప్పి చూశాను. అందంగా ఉంటుందని కండెన్సరును ఓ మూలకి నెట్టాను. వెళ్ళిన కరెంటు దాని గుండానే తిరిగి రావాలి కదండీ! పాపం, అగ్గిపెట్టెంత చుట్టు తిరిగి వస్తోంది. ఆ చుట్టే ఏరియల్ అయి కూర్చుంది.

కండెన్సరును ట్రాన్సిస్టరు పక్కకి జరిపి బోర్డు మళ్ళీ గీశాను. చుట్టు గోరంతయింది. రేడియో గొంతు తేటపడింది.

పోయే దారే చూసుకున్నాను గాని, తిరిగొచ్చే దారి చూసుకోలేదు. ఇప్పుడు అమ్మ దీపం కిందే వార్తలు వింటోంది. నేను మాత్రం, చిన్నబుచ్చుకుంటానని ఇంకా ఏమేం చెప్పకుండా ఊరుకుందో అని ఆలోచిస్తున్నాను.