ముందు బరువు చెప్పండి

టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్ చెరువులో, వంతెన కింద క్రాపీ చేపల కోసం గాలం వేస్తుంటే పక్క పడవ దగ్గరికొచ్చి ఆగిందంటే అడిగేది ఒక్కటే: ఏ రంగు మీద పడుతున్నాయి? ఎంత లోతులో ఉన్నాయని అడగరు. జిగ్ (సీసపు తలున్న కొక్కెం) బరువెంత, తాడు ఎంత సన్నం అని అసలే అడగరు. చలిలో తెల్లవారకముందే లేచి, డాలస్ నుంచి అంతదూరం బండి నడుపుకుంటూ వచ్చిన మనిషి కూడా రంగు దగ్గరే ఆగిపోతే నాకు ఒళ్లు మండుతుంది.

కొట్లూ అలాగే ఉన్నాయి. గోడ నిండా రబ్బరు ఎరలు వేలాడుతుంటాయి. మంకీ మిల్క్ అని ఒక రంగు, ఎలక్ట్రిక్ చికెన్ అని ఇంకో రంగు. సీసపు తలలున్న కొక్కేల కోసం మాత్రం వంగి కింది అర వెతుక్కోవాలి. చేప నోరు తెరుస్తుందా లేదా అన్నది తేలేది ఆ కింది అరలోనే.

క్రాపీని ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు. బల్లపరుపు ఒళ్లు, వెండి రంగు, దాని మీద నల్లటి మచ్చలు. తెల్ల క్రాపీ, నల్ల క్రాపీ అని రెండు జాతులు. వీపు రెక్కలో ముళ్లు లెక్కపెట్టండి. ఐదో ఆరో ఉంటే తెల్లది, ఏడో ఎనిమిదో ఉంటే నల్లది. రెండిటికీ చూపు పైకే. తన తల మీదుగా పోయే తిండికి లేస్తుంది, కడుపు కిందకి దిగిపోయిన దాన్ని పెద్దగా పట్టించుకోదు. అందుకే ఎర చేపకన్నా అడుగో అడుగున్నరో పైన ఉండాలి, అక్కడ నిలవాలి. బరువు సంగతి ఇక్కడే వస్తుంది.

1/16 ఔన్స్ జిగ్ రెండు గ్రాములు కూడా తూగదు. 1/32 అందులో సగం. చేతిలో పెట్టుకుంటే తేడా తెలియదు, నీళ్లలో వదిలితే తెలుస్తుంది. జనవరిలో నీళ్లు చల్లబడినప్పుడు క్రాపీ దేని వెంటా పరుగెత్తదు. చిన్నది, మెల్లగా దిగేది అయితే నోరు తెరుస్తుంది. గాలి లేని రోజున, పదడుగుల లోపు లోతులో నేను 1/32 తప్ప వేయను. గాలి లేచినా, ఇరవై అడుగుల కిందికి దించాల్సి వచ్చినా 1/8 కావాలి, లేకపోతే జిగ్ ఎక్కడుందో చేతికి తెలియదు. తాడు నాలుగు పౌన్ల బరువు ఆపేదైతే మేలు. లావు తాడు చిన్న జిగ్‌ని తొందరగా దిగనివ్వదు.

రంగు అసలు లెక్కలోకే రాదని నేననను. బురదనీళ్లకి నలుపూ చార్ట్రూసూ (నిమ్మపండు పచ్చ) కలిసినది, తేటనీళ్లకి తెలుపో బూడిదో. ఈ రెండూ ఉంటే సంచీ నిండినట్టే.

నేను అందరికీ చెప్పి చెప్పి విసిగించేది ఈకల జిగ్ గురించి. మారబూ అంటారు. ఇప్పుడు వాడేది టర్కీ కోడి మెత్తటి ఈక. వంకీ తోక ఉన్న రబ్బరు ఎర ఆడాలంటే మీరు దాన్ని లాగుతూ ఉండాలి. చలికాలంలో చెయ్యి కదపకూడదు, కదపకపోతే ఆ తోక చచ్చినట్టు వేలాడుతుంది. ఈకకి ఆ బెడద లేదు. గాజుగ్లాసులో నీళ్లు పోసి, ఈకల జిగ్ ఒకటి దించి, తాడు పైనుంచి పట్టుకుని చూడండి. పొడిగా ఉన్నప్పుడు బొద్దుగా ఉన్న ఈక తడవగానే సన్నబడుతుంది. మీ చెయ్యి కదలకపోయినా దాని అంచున ఉన్న నూగు విచ్చుకుంటుంది, ముడుచుకుంటుంది. మార్కెట్లోకి ఎన్ని రబ్బర్లు వచ్చినా ఈ పని చేసేది నేను చూడలేదు.

ముడి కూడా చూసుకోవాలి. చేపపిల్ల నీళ్లలో అడ్డంగా ఉంటుంది కదా, జిగ్ కూడా అడ్డంగానే వేలాడాలి. ముడిని వేలిగోటితో కొక్కెం కన్ను నడినెత్తికి జరిపితే సరిగ్గా నిలుస్తుంది. చేప పడ్డ ప్రతిసారీ ముడి ముందుకు జారిపోతుంది, జిగ్ తల పైకెత్తి తోక కిందికి వేలాడేస్తుంది. మళ్లీ జరపాలి. పొద్దున్నే ఐదు పట్టి, ఆ తర్వాత ఏమీ పడక రంగులు మార్చుకుంటూ కూర్చునేవాళ్ల ముడి ఒకసారి చూడండి.

ఇక చేప ఎర అందుకుందని తెలుసుకోవడం. మా కోనసీమలో చిన్నాన్న కాలవగట్టున కూర్చుని జీలుగు బెండుతో, వానపాముతో గాలం వేసేవాడు. పక్కన కూర్చోనిచ్చేవాడు గానీ మాట్లాడనిచ్చేవాడు కాదు. బెండు మొదట వణికేది, తర్వాత రెండుసార్లు మునిగి తేలేది. నేను ఎగిరి కర్ర అందుకోబోతే "ఆగరా, ఇంకా నోట్లోకి పోలేదు" అనేవాడు. ఏ చేప ఎలా లాగుతుందో బెండు నడక చూసి చెప్పేసేవాడు. జెల్ల అంటే జెల్లే వచ్చేది. ఇంటికొచ్చాక బుట్ట పిన్ని చేతికిచ్చి, బెండు మాత్రం తుడిచి చూరులో తనే దోపుకునేవాడు. క్రాపీ బెండు నడక ఆయన చూసి ఉంటే ఎంతసేపు మాట్లాడేవాడో! ఎర అందుకుని అది పైకే పోతుంది కాబట్టి తాడు మీద బరువు పోతుంది. బెండు మునగదు, పక్కకి వాలిపోతుంది. వాలిందంటే కర్ర మెల్లగా ఎత్తాలి. గట్టిగా గుంజితే దాని మూతి పొర చిరిగి కొక్కెం ఒక్కటే చేతికొస్తుంది.

ఫోర్క్‌లో డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరుదాకా పట్టిన క్రాపీని వదలకూడదని నియమం. లోతులోంచి లాగిన చేప వదిలినా చాలావరకు బతకదు. ఇతర నెలల్లో పదంగుళాలు లేనిదాన్ని వదిలేయాలి. రోజుకి 25 దాటకూడదు. అంటే చలికాలంలో ఇంటికి చేపలు ఖాయంగా వస్తాయి, వాటితో ఏంచేయాలన్న గొడవ మన ఇళ్లలో ఖాయంగా మొదలవుతుంది. మనవాళ్లు చేప కనబడగానే చింతపండు నానబెడతారు. క్రాపీ కండ మరీ మెత్తన. పులుసు తెర్లేసరికి ముక్క విడిపోయి ముళ్లూ పొట్టూ మిగులుతాయి. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి, బియ్యప్పిండి అద్ది పెనం మీద వేయించండి. పులుసే కావాలంటే అదే చెరువులో క్యాట్‌ఫిష్ ఉంది. క్రాపీని మాత్రం పులుసులో వేయకండి.