భీమిలి రంగుటద్దాలు

విశాఖ నుంచి తీరం వెంట ఉత్తరానికి వెళితే, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట భీమునిపట్నం, వాడుకలో భీమిలి. కొండమీద నరసింహస్వామి గుడి, పావురాళ్లకొండపై బౌద్ధుల ఆనవాళ్లు, కింద డచ్చివాళ్ల సమాధులు. 17వ శతాబ్దంలో వర్తకానికొచ్చిన డచ్చివాళ్లు 1825లో ఈ ఊరిని ఇంగ్లీషువాళ్లకు వదిలి వెళ్లారు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరిది. మన గోంగూరకు దగ్గర చుట్టమైన గోగునార ఇక్కడి రేవునుంచే ఓడలెక్కి, లోకమంతటా ‘బిమ్లీ’ పేరుతో అమ్ముడైంది.

ఆ కలిమి రోజుల్లో, 1864లో లేచింది సెయింట్ పీటర్స్ చర్చి. ఇంగ్లండు సంఘపు పద్ధతిలో నడిచే ఆంగ్లికన్ చర్చి, దొరలూ వర్తకులూ ప్రార్థించుకోవడానికి కట్టింది. పీటర్ అంటే యేసు శిష్యుడు పేతురు, చేపలు పట్టే మనిషి. పల్లెకారుల ఊళ్లో చర్చికి ఆ పేరు ఎంత బాగా అమిరిందో!

లోపల చూడవలసినవి రంగుటద్దాలు. సిలువపై యేసు, చెంతన తల్లి మరియమ్మ, శిష్యుడు యోహాను. ఇలాంటి అద్దాలకు గాజు కరిగేటప్పుడే రంగు కలుపుతారు. ముక్కలుగా కోసి సీసపు పట్టీలతో అతుకుతారు. ముఖాల్లోని గీతలను పైన చిత్రించి కొలిమిలో కాలుస్తారు. వీధిలో నిలబడి చూస్తే అవి మసక పలకలే. లోపలికి వెళ్లి, వెలుగుకు ఎదురుగా కూర్చున్నవాళ్లకే బొమ్మ కనిపిస్తుంది.

1933లో విశాఖ హార్బరు తెరుచుకుంది. పెద్ద ఓడలు అక్కడికే మళ్లాయి. భీమిలి రేవు చల్లబడింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లూ మరికొన్ని సంఘాలూ కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యాయి. దొరలు వెళ్లిపోయారు. వాళ్లు కట్టిన చర్చి మనవాళ్ల ప్రార్థనతోనే నిలిచింది.

ఉప్పుగాలి సీసాన్నీ గోడల్నీ నెమ్మదిగా తింటుంది. సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కి, గోడ గుల్లబారుతుంది. సున్నపు గోడకు సున్నమే మందు. గానుగసున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు. ఆ పనితనాన్ని కాపాడుకుంటేనే గుడికైనా, సమాధులకైనా, చర్చికైనా ఆయుష్షు. భీమిలి వెళ్తే బీచి దగ్గరే ఆగిపోకండి. ఒక ఉదయం చర్చి తలుపు తీసినవేళ లోపల కాసేపు కూర్చోండి.